పస్కా పండుగ: కాలనిర్ణయము, అంతరార్థము

ఉగాదినాడు మన బళ్లారిలో తెలుగువారి ఇండ్లలోను కన్నడిగుల ఇండ్లలోను ఒకే వేపపువ్వు వాసన వచ్చును. మనము ఉగాది పచ్చడి యందుము. ప్రక్కయింటివారు బేవు-బెల్ల యందురు. పేరు మారినను తిథి మారదు. చైత్ర శుద్ధ పాడ్యమి ఇరువురికిని సంవత్సరాది. ఆ పాడ్యమి మొదలు తిథులు లెక్కించుకొనుచు పోయినచో పదునైదవ తిథి చైత్ర పూర్ణిమ యగును. ఆ పున్నమి వెన్నెలలోనే, ఎక్కడనో పడమట యెరూషలేము నగరములోను, మన దేశముననే ముంబయి, కొచ్చి పట్టణములలోను, అంతకంటె దగ్గరగా గుంటూరు జిల్లాలోని యొక పల్లెలోను కొన్ని కుటుంబములవారు భోజనపు బల్ల చుట్టును కూర్చుండి తమ పూర్వుల కథ చెప్పుకొందురు. అది యూదుల పస్కా పండుగ.

ఈ మాటను మన విద్యార్థులలో కొందరు వినియే యుందురు. క్రైస్తవుల తెలుగు బైబిలులోను, కన్నడ బైబిలులోను ఈ పండుగకు వాడిన పదము ఒక్కటే. బైబిలును కన్నడములోనికి తెచ్చినవారిలో ముఖ్యుడైన జాన్ హాండ్స్ అను ఆంగ్ల మిషనరీ 1810లో మన బళ్లారికే వచ్చి స్థిరపడి పని చేసెను. హెబ్రీ భాషలో ఈ పండుగ పేరు పేసహ్. దాటిపోవుట యని దాని అర్థము. ఎవరు, దేనిని దాటిపోయిరో పిదప చెప్పెదను. ముందుగా, ఎక్కడనో పుట్టిన పండుగ మన పున్నమినాడే యేల వచ్చుచున్నదో చూతము. ఎనిమిదవ తరగతి వారికి ఈ లెక్క కష్టము కాదు.

కొన్ని తేదీలు చూడుడు. 2023లో మన ఉగాది మార్చి 22. యూదుల పస్కా ఏప్రిల్ 5 సాయంకాలమున మొదలాయెను. 2024లో ఉగాది ఏప్రిల్ 9. పస్కా ఏప్రిల్ 22 సాయంకాలము. 2025లో ఉగాది మార్చి 30. పస్కా ఏప్రిల్ 12 సాయంకాలము. ఆంగ్ల తేదీలు ఊయలవలె వెనుకకు ముందునకు ఊగుచున్నను, రెండు పండుగల నడుమ ఎడము మాత్రము దాదాపుగా మారుట లేదు. సాయంకాలమని వ్రాయుటకు కారణము కలదు. మనకు దినము సూర్యోదయముతో మొదలగును. యూదులకు సూర్యాస్తమయముతో మొదలగును. వారి నీసాను మాసము పదునైదవ దినము ఆ రాత్రితోనే ఆరంభమగును.

చంద్రుడు అమావాస్య నుండి అమావాస్యకు వచ్చుటకు సుమారు ఇరువదితొమ్మిదిన్నర దినములు పట్టును. అట్టి పండ్రెండు మాసములకు 354 దినములు. ఋతువులు తిరిగివచ్చుటకు మాత్రము 365 దినములు కావలెను. ఏటికి పదునొకండు దినముల లోటు. ఈ లోటును పట్టించుకొనక వదలివేసినచో పండుగలు ఋతువులన్నిటిని చుట్టివచ్చును. మన ముస్లిము సోదరుల రంజాను ఒకప్పుడు మండుటెండలలోను, మరియొకప్పుడు చలికాలములోను వచ్చుటకు కారణమిదియే; సుమారు 33 ఏండ్లకు అది మరల మొదటి చోటికి వచ్చును. వారి శాస్త్రము అట్లే విధించినది గనుక అది దోషము కాదు. కాని మన పంచాంగకర్తలును, యూదుల ధర్మశాస్త్రవేత్తలును చంద్రుని విడువక, సూర్యుని కూడ విడువక రెండు గుఱ్ఱములను ఒకే బండికి కట్టిరి. అందులకై ఇరువురును కనుగొన్న ఉపాయము ఒక్కటే: అధికమాసము.

మన పద్ధతిలో, సూర్యుడు ఒక రాశినుండి మరియొక రాశిలో ప్రవేశింపని చాంద్రమాసమునకు అధికమాసమని పేరు. అది ఏ మాసమునకు వచ్చునో ముందుగా నియమము లేదు. లెక్క చేసి చూడవలసినదే. యూదుల పద్ధతిలో అధికమాసము ఎల్లప్పుడును ఒక్కచోటనే వచ్చును. నీసానుకు ముందున్న అదారు మాసము రెండుమారులు వచ్చును. ఏ యేట వచ్చునన్నది పందొమ్మిది సంవత్సరముల చక్రమును బట్టి నిర్ణయమైయున్నది. ఆ చక్రములో 3, 6, 8, 11, 14, 17, 19వ సంవత్సరములకు పదమూడేసి మాసములు. పందొమ్మిది పండ్రెండులు 228. దానికి ఈ ఏడు కలుపగా 235. ఈ 235 చాంద్రమాసముల కాలమునకును, పందొమ్మిది సౌరవర్షముల కాలమునకును గల భేదము సుమారు రెండు గంటలు మాత్రమే! క్రీ.పూ. 5వ శతాబ్దిలో ఏథెన్సు నగరవాసి మెటన్ పేర ప్రసిద్ధమైన ఈ సూత్రమును బాబిలోనియా జ్యోతిష్కులును ఎరుగుదురు.

చేతిలో పలక యున్నవారు ఈ లెక్క చేయుడు. 2023 సెప్టెంబరు మొదలు 2024 అక్టోబరు ఆరంభము వరకు నడచిన యూదుల సంవత్సరము 5784. దానిని 19చే భాగింపగా శేషము 8. కనుక అది అధికమాసము గల సంవత్సరము. మనకును 2023లోనే అధిక శ్రావణము వచ్చినది. అందుచేతనే 2024 వసంతమున రెండు పండుగలును ఏప్రిలులోనికి కలసి జరిగినవి.

ఎల్లప్పుడు నిట్లే కలియునా? కలియదు. 2021లో పస్కా మార్చి 27 సాయంకాలమున వచ్చెను. మన ఉగాది ఏప్రిల్ 13న గాని రాలేదు. అనగా ఆ యేడు యూదులు పస్కా భోజనము చేసినది ఫాల్గుణ పూర్ణిమ వేళ. మన వీధులలో కామదహనము జరుగు పున్నమి. 2013లోను అట్లే జరిగినది. కారణము స్పష్టమే. మనకు 2020లో అధిక ఆశ్వయుజము వచ్చి ఉగాదిని వెనుకకు నెట్టెను. వారి రెండవ అదారు 2022 ఆరంభమున గాని రాలేదు. ఒకరు ముందు సర్దుకొనిరి, ఒకరు పిమ్మట సర్దుకొనిరి. 2022లో మరల రెండును చైత్ర పూర్ణిమయందు కలసినవి.

ఎవరి లెక్క సరియైనదని కొందరు అడుగుదురు. ఋతువులతో పోల్చినచో రెండును కొంచెము కొంచెముగా జారుచున్నవే. యూదుల గణనము సుమారు 216 ఏండ్లకు ఒక దినము వెనుకబడును. నక్షత్రములను ఆధారముగా గొన్న మన నిరయన గణనము సుమారు 70 ఏండ్లకే ఒక దినము వెనుకబడును. ఒకప్పుడు విషువత్తుతో కలసియుండిన మేష సంక్రమణము నేడు ఏప్రిల్ 14 ప్రాంతమున జరుగుటయే ఇందుకు సాక్ష్యము. ఈ విషయమున మనము గర్వించుటకును తలవంచుకొనుటకును ఏమియు లేదు.

ఈ చక్రము ఏర్పడుటకు పూర్వము యూదులకు పంచాంగము లేదు, కన్నులే పంచాంగము. నెలవంకను చూచిన సాక్షులు యెరూషలేమునకు వచ్చి పెద్దల సభయెదుట చెప్పవలెను. విచారణ జరిగి, మాసారంభము ప్రకటింపబడును. ఆ వార్తను తెలుపుటకు మొదట కొండలపై మంటలు వేసెడివారు; తరువాత దూతలను పంపెడివారు. దూరదేశములకు దూత సకాలమున చేరడు గనుక అచ్చటివారు సంశయము తీరుటకై పండుగకు ఒక దినము ఎక్కువ పాటించిరి. నేటికిని ఇశ్రాయేలు దేశమున పస్కా ఏడు దినములు, వెలుపల నున్న సంప్రదాయపరులకు ఎనిమిది దినములు. దూతలు పోయి పదునైదు శతాబ్దములు దాటినను ఆ అదనపు దినము పోలేదు. లెక్కతో మాసములను నిర్ణయించు పద్ధతిని క్రీ.శ. 359లో రెండవ హిల్లేలు ప్రకటించెనని సంప్రదాయము. అది తుదిరూపము దాల్చుటకు మరికొన్ని శతాబ్దములు పట్టినదని చరిత్రకారుల మతము.

అధికమాసము వేయుటకు ఆ పెద్దలు చూచిన గుర్తులు మూడు: పొలములో యవలు పండినవా, చెట్ల కాయలు తగినంత ఎదిగినవా, సూర్యుడు విషువత్తునకు చేరునా. ఈ మూడింటిలో రెండు లోపించినచో ఒక నెల కలిపెడివారు. ఇందులో యవల మాట గమనింపదగినది. నిర్గమకాండములో ఈ మాసమునకు ఆబీబు అని పేరు. ఆబీబు అనగా లేత యవల వెన్ను. నీసాను అను పేరు తరువాత బాబిలోను చెరనుండి తెచ్చుకొన్నది. పండుగ వెన్ను పట్టిన కాలముననే రావలెనని శాసనము. అందుచేత చంద్రుని రైతు ఆపవలసి వచ్చెను. మన ప్రాంతమున వర్షాధారపు భూములు సేద్యము చేయువారి పిల్లలకు ఇది వింతగా తోచదు.

ఇక కథ. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దేశమున ఫరో రాజునకు దాసులై ఇటుకలు చేయుచు, కట్టడములు కట్టుచు బ్రతికిరి. వారిని విడువుమని మోషే అడిగెను. ఫరో విడువలేదు. ఆ దేశముపై తొమ్మిది ఉపద్రవములు వచ్చినను అతని మనస్సు మెత్తబడలేదు. పదియవది ఘోరమైనది: ఒక్క రాత్రిలో ఇంటింట తొలిచూలు బిడ్డ మరణించుట. గొఱ్ఱెపిల్ల రక్తమును ద్వారబంధమునకు పూసికొన్న ఇండ్లను మాత్రము మృత్యువు దాటిపోయెను. ఆ దాటిపోవుటయే పేసహ్. ఆ రాత్రియే వారు బయలుదేరిరి. కలిపిన పిండి పులియుటకు వ్యవధి లేదు. పులియని పిండినే రొట్టెలు కాల్చుకొనిరి. ఈ నిర్గమనమునకు ఐగుప్తు శాసనములలో ప్రత్యక్ష సాక్ష్యము ఇంతవరకు దొరకలేదు. సుమారు క్రీ.పూ. 1208 నాటి మెర్నెప్తా రాజు శిలాశాసనమున ఇశ్రాయేలు అను పేరు మాత్రము కనబడుచున్నది. చరిత్రగా ఎంత నిలుచునో పండితులు వాదించుకొనుచునే యున్నారు. జ్ఞాపకముగా అది నిలిచినదనుటకు వాదము లేదు.

క్రీ.శ. 70లో రోమనులు యెరూషలేము దేవాలయమును నాశనము చేసిరి. అచ్చట జరుగవలసిన గొఱ్ఱెపిల్ల బలి ఆగిపోయెను. గుడి పోయిన పండుగ నశింపవలసినదే కదా! యూదులు దానిని ఇంటిలోనికి తెచ్చుకొనిరి. బలిపీఠమునకు బదులు భోజనపు బల్ల, యాజకునకు బదులు ఇంటి యజమాని, మంత్రమునకు బదులు కథ. ఆ రాత్రి భోజనమునకు సేదెర్ అని పేరు. క్రమము అని అర్థము. పళ్లెరములో చేదు ఆకులుండును. అవి దాస్యపు చేదు. ఉప్పునీరుండును, అది కన్నీరు. పండ్లు, గింజలు నూరి చేసిన తీయని ముద్ద యుండును. అది ఇటుకల నడుమ పెట్టిన అడుసు. మన దేశపు యూదులు దీనికి ఖర్జూరపు పాకము వాడుదురు. ఇంకను కాల్చిన ఎముక, గ్రుడ్డు, నాలుగు గిన్నెల ద్రాక్షారసము.

ఇది చదివినవారికి మన ఉగాది పచ్చడి తలపునకు రాకమానదు. చేదును కావలెనని నోటబెట్టుకొను పండుగలు లోకమున అనేకములు లేవు. అయినను పోలిక ఇంతవరకే. మన షడ్రుచులు రాబోవు సంవత్సరమును గూర్చినవి. వారి రుచులు గడచిన దాస్యమును గూర్చినవి. మనము రానున్న కష్టసుఖములకు నాలుకను సిద్ధము చేయుచున్నాము. వారు తీరిన కష్టమును నాలుకపై మరల నిలుపుకొనుచున్నారు.

పులిపిండి విషయమున వారి నిష్ఠ మిక్కిలి కఠినము. పండుగకు ముందు ఇల్లంతయు కడిగి, క్రిందటి రాత్రి దీపముతో మూలమూలలు వెదకి, పులిసినదేదైన నున్నచో మరునాడు కాల్చివేయుదురు. గోధుమపిండిలో నీరు పడినది మొదలు 18 నిమిషములలో రొట్టె కాలిపోవలెను. ఆలస్యమైనచో అది పులిసినట్లే లెక్క. మన జొన్నరొట్టెయు పులియనిదే కదా, అది పనికిరాదా యని మా తరగతిలో ఒక బాలుడు అడిగెను. మంచి ప్రశ్న. గోధుమ, యవలు మొదలగు ఐదు ధాన్యములతో చేసినదే ఆ రాత్రి విధిగా తినవలసిన రొట్టె. జొన్న ఆ ఐదింటిలో లేదు. ఐరోపా యూదులు ఈ దినములలో వరియు పప్పులును ముట్టరు. మన దేశపు యూదులు అన్నము తిందురు. అయితే బియ్యమును గింజగింజగా ఏరుకొందురు. కొచ్చి యూదుల పస్కా శుద్ధిలో పొరుగువారి మడి ఆచారపు ఛాయ కలదని, వారిని గూర్చి వ్రాసిన నేథన్ కాట్జ్, ఎలెన్ గోల్డ్‌బర్గ్ అను పండితులు అభిప్రాయపడిరి. ఇరుగుపొరుగు అనునది అంత బలమైనది.

తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసిన భాగమిది. సేదెర్ రాత్రి కథను ఆరంభించువాడు పెద్దవాడు కాదు. బల్లయొద్దనున్న వారిలో కడగొట్టు బిడ్డ లేచి, ఈ రాత్రి తక్కిన రాత్రులవలె యేల లేదని ప్రశ్నింపవలెను. రొట్టె యేల మారినది, చేదు యేల తినుచున్నాము, రెండుమారులు ముంచుకొని తినుట యేల, ఆనుకొని కూర్చుండుట యేల? అడిగిన పిదపనే చెప్పుట. ఈ ప్రశ్నలలో మొదటి మూడును క్రీ.శ. 200 ప్రాంతమున కూర్చబడిన మిష్నా గ్రంథముననే కలవు. కథను చెప్పు పుస్తకమునకు హగ్గాదా యని పేరు. అందు నలుగురు బిడ్డల ప్రస్తావన వచ్చును: వివేకి, దుష్టుడు, అమాయకుడు, అడుగుట యెరుగనివాడు. ఈ నాలుగవవానిని మందలింపరాదు. అతని కొఱకు తండ్రియే మాట మొదలు పెట్టవలెను.

ఏ భాషలో? బిడ్డకు అర్థమగు భాషలో. హెబ్రీ వారికి పవిత్ర భాష. అయినను హగ్గాదా ఆరంభమున దరిద్రులను భోజనమునకు పిలుచు మాటలు అరామిక్ భాషలో నున్నవి. అది నాటి వాడుక భాష. కొంకణ తీరమున స్థిరపడిన బెనె ఇశ్రాయేలు యూదులకు ఇంటిభాష మరాఠీ. వారు నూనె గానుగలు త్రిప్పుచు, శనివారము పని మానుటచే శనివార తేలీలు అను పేరొందిరి. తక్కిన యూదులతో చాలకాలము సంబంధము లేక, హెబ్రీ మరచి, గ్రంథములు లేక బ్రతికిరి. అయినను వసంతమున ఒక పండుగ చేసెడివారు. దానికి వారి పేరు ఆనాశీ ఢాకచా సణ్. పులుసు కుండకు మూత వేయు పండుగ యని భావము. ఎనిమిది దినములు పులుపు ముట్టకుండ కుండ మూసియుంచుట మిగిలెను. ఎందులకో చెప్పు కథ మిగులలేదు. తరువాత కొచ్చి నుండియు ఇతర ప్రాంతములనుండియు వచ్చిన గురువులు వారికి కథను తిరిగి నేర్పిరి. 1846లో బొంబాయిలో మరాఠీ అనువాదముతో హగ్గాదా అచ్చయినది. 1874లో పుణ్యపట్టణమున బొమ్మలతో మరియొకటి వెలువడినది. దానిలో చీరలు కట్టిన స్త్రీలు పులియని రొట్టెలు చేయుచున్న చిత్రము కలదు.

మూత వేసిన కుండను గూర్చి చదివినప్పుడు నాకు మన తరగతిగదియే గుర్తు వచ్చెను. షడ్రుచుల పేర్లు చెప్పుడని అడిగితిని. పచ్చడి తినని బిడ్డ ఒక్కడును లేడు. తీపి, పులుపు, ఉప్పు, కారము, చేదు అని అందరును చెప్పిరి, ఆరవదానికి ఆగిరి. కడకు ఒక బాలిక ఒగరు అని కన్నడములో చెప్పినది. నేను తప్పు వేయలేదు. వగరునకు ఒగరు తోబుట్టువే. కాని ఆ మాట ఇంట వినబడుట లేదన్నది నిజము. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమునకును, బళ్లారితో కూడ తక్కినవి మైసూరునకును చేరిన నాటినుండి మన ఇండ్లలో తెలుగు ఇంటి మాటగానే నిలువవలసి వచ్చినది. బజారు కన్నడము నేర్పును, బడి ఆంగ్లమును నేర్పును, రెండును కావలసినవే. వగరును మాత్రము అమ్మమ్మయే నేర్పవలెను.

ముందు చెప్పిన గుంటూరు జిల్లా పల్లె పేరు కొత్తరెడ్డిపాలెము. చతుర్ముఖ బ్రహ్మ ఆలయమునకు పేరొందిన చేబ్రోలు చెంతనే యున్నది. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది గుంటూరులోనే అయినను అప్పుడు ఆ పల్లెను గూర్చి వినలేదు. అచ్చటి కొన్ని దళిత కుటుంబములవారు తాము ఇశ్రాయేలు పండ్రెండు గోత్రములలో ఎఫ్రాయీము గోత్రీకులమని చెప్పుకొని, బెనె ఎఫ్రాయీము అను పేర 1980వ దశకపు చివరినుండి యూదాచారము పాటించుచున్నారు. సాదొక్ యాకోబి, షమూయేలు యాకోబి అను సోదరులు వారికి మార్గదర్శకులు. అంతకు పూర్వము వారు క్రైస్తవులు. వృత్తిచే అనేకులు వ్యవసాయ కూలీలు. వంశమును గూర్చిన వారి మాటకు చారిత్రక నిరూపణము లేదు. ఈశాన్య భారతపు బ్నే మెనషే వారిని 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ గుర్తించెను. వీరికి అట్టి గుర్తింపు లభింపలేదు. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనువారు వీరిని గూర్చి 2013లో ఒక గ్రంథమును ప్రకటించి, ఈ ఉద్యమమునకు కులపు అవమానమునుండి విముక్తి కోరుటతో గల సంబంధమును చూపిరి. దాసులై ఇటుకలు చేసినవారి కథ, తరతరములు ఊరి వెలుపల నివసించినవారికి తమ కథగా తోచుట ఆశ్చర్యము కాదు. వంశము నిరూపింపబడినను పడకున్నను, నీసాను పున్నమినాడు వారు ఆ పండుగ చేసికొందురు. ఇంట వారు మాటలాడునది మన తెలుగే.

విద్యార్థులకు ఒక అభ్యాసము. 2026లో మే 17 మొదలు జూన్ 15 వరకు మనకు అధిక జ్యేష్ఠము. ఆ సెప్టెంబరులో మొదలగు యూదుల సంవత్సరము 5787. దానిని 19చే భాగించి శేషము చూడుడు. పిదప 2027 ఉగాది ఏప్రిల్ 7 అని గుర్తుంచుకొని, ఆ యేడు పస్కా చైత్ర పూర్ణిమ దగ్గర వచ్చునో, కామదహనపు పున్నమి దగ్గర వచ్చునో లెక్కించి, ఇంట పెద్దవారికి తెలుగులో వివరించి చెప్పుడు.